రెండూ పది

ఎనిమిదింబావుకి ఫోను మోగిందంటే స్కైద్రీతె గారే.
"గున్‌వాల్డిస్, మళ్లీ చీమలైపోయాయి."

అంటే అక్షరాలు.
నిన్న సాయంత్రం తన చేత్తో పెంచుకుంది,
ఇరవై నాలుగుకి, లేత పసుపు నేపథ్యం మీద.
తెల్లారేసరికి తెర పాలిపోయి
అక్షరం పన్నెండుకి కుంగి
మొదటికొచ్చి కూర్చుంటుంది.

లియెపాయా రేవు గ్రంథాలయంలో
ఎవరి బల్ల మీదా ఎవరి సామానూ ఉండదు.
అందరి ఇళ్లూ ఒకే సర్వరులో.
ఏ కుర్చీలో కూర్చుని పేరు కొట్టినా
తీగ వెంట ఇల్లే నడిచొస్తుంది,
గుల్ల తన నత్తని వెతుక్కుంటూ వచ్చినట్టు.
ఈ పద్ధతి పెట్టిన ఏడాది
ఆ మాట నేనే అన్నాను, అందరి ముందూ, గర్వంగా.

ముందు కోటా నిండిందనుకున్నాను.
నిండలేదు. పడవల ఫొటోలు
నలభై తీసేయించాను, ఉత్తపుణ్యానికి.
అనుమతులు చూశాను: ఫైలు ఆవిడదే, రాసే హక్కూ ఆవిడదే.
గడియారాలు చూశాను: సర్వరు నాలుగు నిమిషాలు ముందుంది.
సరిచేశాను. చీమలు.
ఎప్పుడో చచ్చిన తాళం ఫైలొకటి దొరికింది.
ఇదే దొంగ అని తుడిచేసి
ఆ రాత్రి మా ఆవిడ దగ్గర బడాయి పోయాను కూడా.
పొద్దున ఎనిమిదింబావు.
చీమలు.

ఆవిడ కోప్పడదు. అదే కష్టం.
"నేనే ఏదో తప్పు నొక్కుతున్నానేమో" అని
వణికే వేలితో మళ్లీ మొదట్నించీ చూపించింది:
ఇక్కడ తెరిచాను, ఇక్కడ పెంచాను, ఇక్కడ సరే అన్నాను.
అదీ సరేనంది కదా?
అంది. నేనూ చూశాను.

జనవరిలో ఒక రాత్రి ఇంటికెళ్లకుండా కూర్చున్నాను.
కాలవ మీది గాలి కిటికీ రెక్కల్ని
ఒక్కొక్కటే లాగి చూస్తోంది, గడియ పెట్టారా లేదా అని.
పొగబెట్టిన చేప, రై రొట్టె, చల్లారిన టీ.
రెండూ పది.
ఫైలు తేదీ మారింది, నా కళ్లముందే.
నేను తప్ప ఎవరూ లేని భవనంలో
స్కైద్రీతె గారు తన ఇంట్లో ఏదో రాసుకున్నారు.

చిరునామా చూస్తే నేలమాళిగ. మైక్రోఫిల్మ్ గది.
తాళాలగుత్తి తీసుకుని దిగాను.
తెర ఆర్పేసి ఉంది, పెట్టె మాత్రం గుర్రుపెడుతోంది.
తెర వెలిగించి మౌసు కదిపితే
సన్నటి అక్షరాల్లో ఆవిడ బల్ల,
నవంబరు నుంచి అలాగే పరిచి.
బయటికి రావడం మరిచిపోయింది, అంతే.
రెండు నెలలుగా పైన ఆవిడ పెంచుతోంది,
కింద ఆవిడే తగ్గిస్తోంది.
పైనున్నావిడకి కంట్లో పొర వచ్చింది.
కిందున్నావిడకి ఆ కబురు అందలేదు.
తనకి గుర్తున్నది తను
రాత్రికోసారి, నిజాయితీగా, రాసి పెడుతోంది.

ఒక్క ఆజ్ఞతో చంపేయొచ్చు.
కానీ సగం రాసిన కార్డొకటి తెరిచి ఉంది.
పొద్దున్నదాకా ఆగాను.

"ఇది నాదేనా?"
ముక్కు తగిలేంతగా వంగింది. చదవలేకపోయింది.
నేను చదివాను:
తారు పూసిన చేపల పడవ. పేరు చెరిగిపోయింది. రేవు పేరు మాత్రం
అక్కడితో ఆగిపోయింది.
"మాత్రం?" అన్నాను.
శాలువా మెడకి బిగించుకుని చాలాసేపు ఆలోచించింది.
"గుర్తులేదు. మూసెయ్."
"దాచనా?"
"చివరి మూడు మాటలూ తీసేసి దాచు."

ఇవాళ ఎనిమిదింబావు దాటింది.
ఎనిమిదిన్నర.
పనేమీ లేకపోయినా రెండో అంతస్తు ఎక్కాను.
లేత పసుపు మీద వేలెడేసి అక్షరాలు,
బాణం గుర్తు సముద్రపు కాకంత.
"ఇదీ పెంచాను" అంది తలెత్తకుండా,
"నిలుస్తుందో లేదో చూద్దామని."